యూనివర్సిటీ చూపులు

పెళ్ళిచూపులకు వెళ్ళేవారిని చూశాము. పొలం చూపులకు, ఎడ్ల చూపులకు వెళ్ళేవారినీ చూశాము. కాని ఆడపిల్లను వెంటబెట్టుకొని యూనివర్సిటీల చూపులకు బయలుదేరిన ఘనత మాత్రం మా నందిగామలో మాకే దక్కింది. మాకంటె ముందు ఎవరైనా వెళ్ళి వుండవచ్చు. ఇంత హంగామా చేసి వెళ్ళినవారు మాత్రం వుండరు. పులిహోర ఒక డబ్బా, చేగోడీలు ఒక డబ్బా, మంచినీళ్ళ సీసాలు అరడజను, మాస్టారి చేతిలో ఒక పాత పటం, షావుకారి చేతిలో ఒక కొత్త నోటుబుక్కు - ఇవీ మా సరంజామా.

మాస్టారు, షావుకారు, నేను ఒకే హైస్కూలులో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకొన్నవాళ్ళం. మాస్టారు చరిత్ర చెప్పి చెప్పి రేపో మాపో రిటైరు కాబోతున్నాడు. షావుకారుది మిర్చి వ్యాపారం. ఇక నా ముఖ్యమైన వృత్తి, వీళ్ళిద్దరి మధ్య తగవులు తీర్చటం.

షావుకారు మా ముగ్గురిలోకి తెలివైనవాడు. టెన్తు ప్యాసయిన యేడు బెజవాడ కాలేజీలో సీటు వచ్చింది. ఆ నెలలోనే తండ్రి పోయాడు. పెట్టె సర్దుకోవలసినవాడు కొట్టులో కాటా దగ్గర కూర్చున్నాడు. అప్పటినుంచి నలభై యేళ్ళుగా యే కాలేజీ గేటూ దాటలేదు. ఇప్పుడు అతని కడగొట్టు కూతురు బి.ఏ. పూర్తిచేసి, ప్రవేశ పరీక్షలు వ్రాసి, ఫలితాల కోసం చూస్తున్నది. ఎం.ఏ. చదువుతానన్నది, అందులోనూ చరిత్ర. ఈ పాపంలో మాస్టారికి సగం భాగం వున్నది.

"చదువు వద్దనను. యేది యెక్కడుందో కళ్ళతో చూడకుండా సరుకు కొనను," అన్నాడు షావుకారు. ఆ మాటతో ఈ ప్రయాణం పుట్టింది.

నోటుబుక్కులో అతను ముందురోజు రాత్రే గీతలు గీసి పెట్టుకొన్నాడు. ఒక్కొక్క యూనివర్సిటీకి ఒక్కొక్క పేజీ. ప్రతి పేజీలోను అవే అరలు: దూరం, ఖర్చు, హాస్టలు, భోజనం, రాత్రి గేటు వేసే వేళ. మిర్చి రకాలకు వేసుకొనే పట్టీ కూడ ఇలాగే వుంటుంది. అతని మనసు మాత్రం ముందే ఒక పేజీ మీద నిలిచిపోయింది. బెజవాడ దాటగానే వచ్చే నాగార్జున యూనివర్సిటీ అయితే, శనివారం సాయంకాలానికి అమ్మాయి ఇల్లు చేరుతుంది. మిగిలిన పేజీలు మాట దక్కించుకోవటానికి.

అమ్మాయి మాత్రం యేమీ అనలేదు. వెనకసీటులో కిటికీ పక్కన కూర్చున్నది.

పడమటి దారి

మా ఊరికి రహదారే పెద్ద ఆస్తి. పుణె నుంచి మచిలీపట్నం దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మా పక్కనుంచే పోతుంది. తూర్పుగా 50 కిలోమీటర్లు పోతే బెజవాడ. పడమరగా 200 పైచిలుకు పోతే హైదరాబాదు. ఈ దారిన పత్తి పోతుంది, మిర్చి పోతుంది, సిమెంటు పోతుంది, పెట్టెలు సర్దుకొని పిల్లలు పోతారు.

తెల్లవారకముందే బయలుదేరాము. చిల్లకల్లు దాటేసరికి వెలుగు వచ్చింది. దూరాన జగ్గయ్యపేట గుట్టలు కనబడగానే మాస్టారు, "ఒరేయ్, కారు ఆపు. ధనంబోడు చూసి పోదాం," అన్నాడు.

"తిరుగు ప్రయాణంలో," అన్నాడు షావుకారు. "ముందు కొత్తవి చూడనీ. పక్కింటివి యెప్పుడైనా చూడవచ్చు."

అలా అనుకొనే మేము పుట్టి బుద్ధెరిగిన తరువాత పక్కనున్న ధనంబోడు చూడలేదు. గరికపాడు దాటాము. 2014 జూన్ 2 నుంచి అక్కడ రాష్ట్రం మారుతుంది. షావుకారు నోటుబుక్కు తీసి, హైదరాబాదు పేజీలో 'పరాయి రాష్ట్రం' అని వ్రాసుకొన్నాడు. సూర్యాపేటలో టీ తాగి మళ్ళీ కారెక్కాము.

మధ్యాహ్నానికి ఉస్మానియా చేరాము. ఈ విశ్వవిద్యాలయం పుట్టింది 1918లో. దేశభాష అయిన ఉర్దూలో పైచదువులు చెప్పిన యూనివర్సిటీ అది. మెట్ల దిగువన నిలబడి ఆర్ట్సు కాలేజీని తలెత్తి చూస్తే, గులాబి చాయ రాయి, ఆ యెత్తయిన ముఖద్వారం, మనిషిని కాసేపు మాటాడనివ్వవు. షావుకారు కూడ కాసేపు నోటుబుక్కు తెరవలేదు.

మాస్టారు అందుకొన్నాడు. ఈ భవనాలు కట్టాలని తలచినప్పుడు నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఇంజనీర్లను దేశదేశాల యూనివర్సిటీలు చూసి రమ్మని పంపింది. వారు సముద్రాలు దాటి తిరిగారు. ఈజిప్టులో పేరు తెచ్చుకొన్న ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం వాస్తుశిల్పికి నమూనా పని అప్పగించారు. 1939 డిసెంబరు 4న మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆర్ట్సు కాలేజీని ప్రారంభించాడు.

"విన్నావా!" అన్నాడు షావుకారు నా భుజం తట్టి. "కాలేజీ కట్టటానికే చూపులకు వెళ్ళారట. చదవటానికి మనం వెళితే మా ఆవిడ నవ్వింది."

మర్నాడు పొద్దున గచ్చిబౌలి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడింది. మొదట్లో నగరం నడిబొడ్డున సరోజినీ నాయుడు ఇల్లు 'గోల్డెన్ త్రెషోల్డ్'లో పాఠాలు నడిచాయి. తరువాత ఇక్కడికి వచ్చింది. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చిపెట్టినట్టున్న పెద్ద పెద్ద బండరాళ్ళు, వాటి నడుమ చెరువులు, పొదలు, అక్కడొక భవనం, అక్కడొక భవనం. ఒక శాఖనుంచి మరొక శాఖకు పోవాలంటే సైకిలు కావాలి.

షావుకారు హాస్టలు కాపలామనిషిని పట్టుకొని గేటు వేసే వేళ మొదలు నీళ్ళ సంగతి దాకా అడిగాడు. ఆ పెద్దమనిషి ఓపికగా అన్నిటికీ జవాబు చెప్పి, చివరకు, "మీరు చేరుతున్నారా, పాప చేరుతున్నదా?" అన్నాడు.

ఈలోగా శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడ చదువుకొంటున్న ఒక పిల్ల మా అమ్మాయిని తీసుకొని లైబ్రరీ వైపు వెళ్ళింది. గంటకు గాని రాలేదు. వచ్చేటప్పుడు ఇద్దరూ యేదో చెప్పుకొని నవ్వుకొంటున్నారు.

"యేం మాట్లాడుకొన్నారమ్మా అంతసేపు?" అన్నాడు తండ్రి.

"మెస్సులో పప్పు సంగతి నాన్నా."

పప్పు గురించి గంటసేపు మాట్లాడుకోరని అతనికీ తెలుసు. 'భోజనం' అరలో యేదో వ్రాయబోయి ఆగాడు. రెండు రోజులలో ఆ పిల్ల నవ్వటం అదే మొదటిసారి. అది నేను గమనించాను. అతను కూడ గమనించాడని, తిరిగి కారెక్కిన తరువాత చౌటుప్పలు దాకా అతను ఒక్క మాటైనా మాట్లాడకపోవటం చూసి తెలుసుకొన్నాను.

ధనంబోడు

మూడోపూటకు జగ్గయ్యపేట చేరాము. ఇది జమీందారు కట్టిన ఊరు. అంతకు ముందు ఇక్కడ వున్న పల్లె బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పట్నంగా పెంచి తండ్రి పేరు పెట్టాడు. ఆయనే కృష్ణకు ఆవలి ఒడ్డున అమరావతిలో కూడ పట్నం కట్టాడు. ఆ సందడిలోనే అక్కడి స్తూపం రాళ్ళు బయటపడ్డాయి. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. జగ్గయ్యపేట పక్కనున్న స్తూపం సంగతి లోకానికి తెలియటానికి ఇంకా చాలాకాలం పట్టింది. 1882లో జేమ్స్ బర్జెస్ వచ్చి ధనంబోడు తవ్వించాడు.

"ధనమేదిరా?" అన్నాడు షావుకారు గుట్ట యెక్కి చుట్టూ చూసి.

అడిగినదానిలో తప్పులేదు. ఇప్పుడక్కడ చూడటానికి మిగిలినది కొద్ది. గుండ్రని దిబ్బ, దాని చుట్టూ పాతరాతి పలకలు, యెండిన గడ్డి, గాలి. ఆ పలకలు ఈ సీమలో దొరికే సున్నపురాయి. ఆ రోజుల్లో ఆ రాయిని చెక్కి శిల్పాలు చేశారు. ఈ రోజుల్లో ఇదే ప్రాంతపు సున్నపురాయిని పొడిచేసి సిమెంటు చేస్తున్నారు. గుట్టమీదికి యెక్కి నాలుగు వైపులా చూస్తే రెండు కాలాలూ కనబడతాయి.

"ధనం మద్రాసు వెళ్ళింది," అన్నాడు మాస్టారు.

ఇక్కడి రాళ్ళలో అందరికంటె పేరుమోసిన చక్రవర్తి శిల్పం మద్రాసు మ్యూజియంలో వున్నది. క్రీస్తుకు పూర్వపుదంటారు. చక్రవర్తి చెయ్యెత్తి మబ్బులను తాకగా నాణేలు వానలా కురుస్తాయి. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి మొదలైన ఏడు రత్నాలు.

"మంచివన్నీ మా మెట్టనుంచి పోవటమేనన్నమాట," అన్నాడు షావుకారు. నవ్వుతూ అనబోయాడు గాని నవ్వు రాలేదు. అమ్మాయి కాస్త దూరంగా వంగి పలక అంచున చెక్కిన గీతలు చూస్తున్నది. ఆమెకు వినబడకూడదని గొంతు తగ్గించి, "అది అక్కడ సంతోషంగా వుంటుందిరా. అదే నా బాధ. రేపు అక్కడే ఉద్యోగం, అక్కడే కాపరం. మా నాన్న పోయినరోజు నేను పెట్టె విప్పి బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టాను. అది సర్దుకొన్న పెట్టె ఇంక మన ఇంట్లో విప్పదు," అన్నాడు.

నలభై యేళ్ళ స్నేహంలో అతను పెట్టె మాట యెత్తటం అదే మొదలు. నాకేమనాలో తోచలేదు. మాస్టారు మాత్రం పాఠం మొదలుపెట్టాడు. అతనికి తెలిసిన ఓదార్పు అదొక్కటే.

ఇక్కడే ఒక బుద్ధ విగ్రహపు శాసనం దొరికింది. లిపిని బట్టి ఇంచుమించు ఆరో శతాబ్దం నాటిదంటారు. నాగార్జునాచార్యుడి శిష్యుడు జయప్రభాచార్యుడు, ఆయన శిష్యుడు చంద్రప్రభుడు. ఆ చంద్రప్రభుడు ఈ బుద్ధుణ్ణి నిలిపాడు - ఇదీ అందులోని సంగతి. ఆ నాగార్జునుడు మనం పేరు విన్న మహాపండితుడా, ఆ పేరుగల మరొక ఆచార్యుడా అన్నదానిపై పండితులు వాదించుకొంటారు. యెవరైతేనేం, మూడు తరాల గురుశిష్యులు వరసగా ఒక రాతిమీద నిలబడ్డారు.

"చంద్రప్రభుడు తండ్రి పేరు వ్రాయించలేదా?" అన్నాడు షావుకారు.

"లేదు. గురువు పేరు, ఆ గురువు గురువు పేరు. అంతే."

"అదీ సంగతి! ఫీజు కట్టిన తండ్రి పేరు యెక్కడా వుండదు."

ముగ్గురమూ నవ్వాము. అమ్మాయి తలెత్తి ఇటు చూసింది. "తండ్రి పేరు వున్న శాసనం ఇంకొకటి వున్నది పెదనాన్నా, ఆయక స్తంభాలది. అది చెప్పవేం?" అన్నది.

మాస్టారి మొహం విప్పారింది. "నువ్వే చెప్పు," అన్నాడు.

ఆ పిల్ల చెప్పింది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ రాజ్య సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి వెలగిరి మహాచైత్యానికి, అంటే ఈ స్తూపానికి, తూర్పు వాకిట ఐదు ఆయక స్తంభాలు సమర్పించాడు. రాజు కాడు, మంత్రి కాడు. రాయి చెక్కి బతికేవాడు. స్తంభాల మీద అతను వ్రాయించిన సంగతులు యేమిటంటే: తన తండ్రి నాగచంద్రుడు, ఆయనా శిల్పే, తండ్రి ఊరు నడతూరు, తానుంటున్న ఊరు మహాకందురూరు. తరువాత తల్లి పేరు, భార్య పేరు, తమ్ముడి పేరు, ఇంట్లో మగపిల్లల పేర్లు, ఆడపిల్లల పేర్లు కూడ.

"అంటే తండ్రి ఒక ఊరు, కొడుకు ఒక ఊరు," అన్నాడు షావుకారు మెల్లగా.

"అవును నాన్నా. ఊరు మారాడు. పదిహేడు వందల యేళ్ళు దాటినా తండ్రి ఊరి పేరు మాత్రం చెరిగిపోలేదు."

ఆమె ఆ మాట ముందే అనుకొని వచ్చిందో, అప్పుడు తోచిందో నేను చెప్పలేను. షావుకారు చాలాసేపు పడమర గుట్టల వైపు చూస్తూ నిలబడ్డాడు. తరువాత, "పొద్దుపోతోంది, వేదాద్రి చూడాలంటే పదండి," అన్నాడు.

వేదాద్రి కృష్ణ ఒడ్డున వున్నది. సోమకాసురుడు అపహరించిన వేదాలను స్వామి ఉద్ధరించగా, తమమీదనే కొలువుండమని అవి కోరుకొన్నాయట. వేదాలే కొండగా మారాయి, దానిమీద నరసింహస్వామి వెలిశాడు అని స్థలపురాణం. యోగానంద నరసింహుణ్ణి దర్శించుకొని మెట్లు దిగి నీళ్ళ దగ్గర కూర్చున్నాము. "అయితే ఇది కూడ పుస్తకాల గుట్టేనన్నమాట. రెండు రోజులనుంచీ యెటు పోయినా చదువే తగులుతున్నది," అని షావుకారు మిగిలిన చేగోడీలు అందరికీ పంచాడు. మనిషి తేలిక పడ్డాడు.

తూర్పు దారి

ఆ రాత్రి నందిగామలో ఎవరిళ్ళలో వారు పడుకొన్నాము. మా ఊరు గురించి ఒక మాట. చదువు కోసం, పని కోసం దీన్ని విడిచి వెళ్ళినవారు మాకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ మొదటి స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావుగారు 1881లో పుట్టింది ఇక్కడే. ఆయన రాజకీయ జీవితమంతా బెజవాడలో గడిచింది. అయినా మా ఊళ్ళో పెద్దలు ఆయన్ను 'మనవాడు' అనే అంటారు. ఇంకొక వింత వున్నది. 2022 ఏప్రిల్ 4 దాకా మాది కృష్ణా జిల్లా, ఆ రోజునుంచి ఎన్.టి.ఆర్. జిల్లా. ఊరు అడుగు కదలకుండానే చిరునామా మారింది.

పొద్దున్నే తూర్పుగా బయలుదేరాము. ఐతవరం దగ్గర షావుకారు కారు నెమ్మది చేశాడు. 2023 జూలైలో మున్నేరు పొంగి ఇక్కడే రహదారి మీదికి వచ్చింది. హైదరాబాదుకు, బెజవాడకు మధ్య రాకపోకలు ఆగిపోయాయి. "దగ్గరున్నంత మాత్రాన రాగలమని లేదు. ఆ రోజు బెజవాడనుంచి కూడ యెవరూ ఇల్లు చేరలేకపోయారు," అన్నాడు తనలో తాను. నేనూ మాస్టారూ మొహాలు చూసుకొన్నాము. అంకెలు మారుతున్నాయి.

కీసర వంతెన, కంచికచర్ల, పరిటాల దాటి బెజవాడలో ప్రవేశించాము. మాస్టారికి అక్కడొక పాత బాధ. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో పుట్టింది ఈ బెజవాడలోనే. 1930లో విశాఖపట్నం తరలిపోయింది.

"అది ఇక్కడే వుంటే ఈ తిరుగుడంతా తప్పేది," అన్నాను నేను.

"అదీ ఊరు విడిచిందిరా," అన్నాడు మాస్టారు. "కాని ఊరకే పోలేదు. 1967లో గుంటూరులో పి.జి. కేంద్రం పెట్టింది. ఆ కేంద్రమే 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమయింది. పోయినామె పుట్టింటికి పిల్లను పంపినట్టు."

కృష్ణ వారధి దాటి గుంటూరు దారిన పోతే రోడ్డు పక్కనే నాగార్జున నగర్. విశాలమైన ఆవరణ, వరుస చెట్లు, పల్లెల నుంచి బస్సులు దిగి వస్తున్న పిల్లలు. చరిత్ర, పురావస్తు శాఖ వున్నది. మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం కూడ వున్నది. పేరు పెట్టినందుకు నాగార్జునుడి ఋణం తీర్చుకొంటున్నారన్నమాట. నాగార్జునకొండలో ఉపాసిక బోధిసిరి శాసనం ఒకటి వున్నది. అది కూడ ఆ వీరపురుషదత్తుడి కాలానిదే. కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, తామ్రపర్ణి దేశాలలో ధర్మం చెప్పిన ఆచార్యుల మాట అందులో వస్తుంది. రైలు లేని రోజుల్లో గురువులు అంతంత దూరాలు నడిచి వెళ్ళారు. ఆ సంగతి మాస్టారు చెబుతుంటే షావుకారు నోటుబుక్కులో 'దూరం' అనే అర వైపు చూసుకొని, పుస్తకం మూసి జేబులో పెట్టుకొన్నాడు.

నాగార్జునలో అతనికి నచ్చనిదంటూ లేదు. గేటు వేసే వేళ నచ్చింది, ఛార్జీ నచ్చింది, ఒక గుమస్తా మర్యాదగా కుర్చీ వేయటం మరీ నచ్చింది. చెట్టుకింద పులిహోర డబ్బా విప్పినప్పుడు, మూడు రోజులలో మొదటిసారి కూతుర్ని సూటిగా అడిగాడు.

"చెప్పు తల్లీ. నీకేది నచ్చింది?"

"మీకేది నచ్చింది నాన్నా?"

"నాకు ఇదే నచ్చింది. అయితే చదివేది నేను కాదు. నా చదువు యెప్పుడో కాటా యెక్కింది. నీ మాట చెప్పు."

అమ్మాయి పులిహోర కలుపుతూ కాసేపు ఊరుకొన్నది. తరువాత, "అక్కడి లైబ్రరీలో ఒక్క రోజు కూర్చుంటే చాలనిపించలేదు నాన్నా. రెండేళ్ళు కావాలనిపించింది," అన్నది. అంతకంటె యేమీ అనలేదు. షావుకారు అలాగే అన్నట్టు తలూపాడు. ఆ తలూపటానికి అతనికి నలభై యేళ్ళు పట్టింది.

ఫలితాలు వచ్చాయి. హైదరాబాదులో సీటు వచ్చింది. దరఖాస్తు నింపే రోజున నన్నూ మాస్టారినీ పిలిచి కాఫీ ఇచ్చారు. కంప్యూటరు ముందు అమ్మాయి, వెనక కుర్చీలో తండ్రి. పేరు, పుట్టినతేది, తండ్రి పేరు అన్నీ అయిన తరువాత రెండు అరలు వచ్చాయి: ప్రస్తుత చిరునామా, శాశ్వత చిరునామా.

అమ్మాయి మొదటి అర ఖాళీగా వదిలింది. "హాస్టలు గది నంబరు ఇచ్చిన తరువాత నింపుతాను," అన్నది. రెండో అరలో ఇంటి నంబరు, వీధి, నందిగామ అని కొట్టింది.

షావుకారు కళ్ళజోడు సవరించుకొని, వంగి, ఆ అక్షరాలు చదువుకొన్నాడు. తరువాత మాస్టారి వైపు తిరిగి, "ఒరేయ్, మన సిద్ధార్థుడు కూడ అచ్చం ఇలాగే నింపాడు గదురా!" అన్నాడు.

ఆ తరువాత లోపలికి వెళ్ళి అటకమీదనుంచి ఒక పాత రేకుపెట్టె దింపించాడు. నలభై యేళ్ళనాడు తన కోసం కొన్నది. దుమ్ము తుడిచి చూస్తే తాళం ఇంకా పడుతున్నది.